తాడు కొసన పలికిన గొంతు

కిందటి వారం మనం ఈదమ్మను పేరయ్య మిరపకల్లం గట్టు మీద, చెంగు నడుముకు బిగించి, ఆసామికి ఎదురుగా నిలబెట్టి వచ్చాం. ఆమె ఒక్క మాటే అడిగింది. "అయ్యా, మా జాలుగూడెం వాళ్లని ఈ పూట వదిలెయ్. రేపు పొద్దున గుంటూరులో మా ఆట ఉంది."

మధ్యలో చదవడం మొదలుపెట్టినవారికి కాస్త వెనకటి సంగతి చెప్పాలి. జాలుగూడెం నల్లమలలో ఒక చెంచు ఊరు. మిరపకోతలు మొదలయ్యాయంటే ఊరు ఊరంతా కొండ దిగి కూలికి వస్తుంది. ఈ ఏడు మొదటిసారి సత్తెనపల్లి దాకా వచ్చి పేరయ్య చేలో కుదిరారు. ఆ గూడేనికి ఒక ఆట ఉంది. తేనెతాడు ఆట అంటారు. కొండచరియకు పట్టిన తేనె కోసం ఒకడు తాడు పట్టుకుని లోయలోకి దిగడం, గట్టు మీద వాడి బావమరిది ఆ తాడును పట్టుకుని నిలబడడం, అదే ఆట. ఆడవాళ్లు రెండు వరసలు కడతారు. పై వరస పాటలో అడుగుతుంది, కింది వరస పాటలోనే బదులు చెప్పాలి. ఆ బదులు వింటేనే దిగినవాడు పైకి ఎక్కుతాడు. అయితే బదులు చరణాలు తెలిసిన మనిషి పోయి ముప్పై ఏళ్లయింది. అప్పటినుంచి జాలుగూడెంలో దిగినవాడు దిగినట్టే ఉండిపోతున్నాడు. పై వరస అడిగి అడిగి ఊరుకుంటుంది.

గూడెం బడి పంతులు జయరావు మాస్టారు గుంటూరులో జానపద ఉత్సవంలో ఈ ఆట ఆడడానికి గూడెం వాళ్లను ఒప్పించాడు. రేడియోవాళ్లు వచ్చి పాటను టేపు మీదికి ఎక్కిస్తారని కూడా చెప్పాడు. అందరూ సంబరపడ్డారు. ఇరవై ఏళ్ల ఈదమ్మ మాత్రం ఆ టేపు మాట విన్నప్పటినుంచి సరిగా అన్నం తినలేదు. "సగం ఆట టేపు మీదికెక్కితే ఇంక అదే మన ఆటయిపోద్ది తాతా. మన పిల్లలు గూడా అదే నేర్చుకుంటారు," అని పోట్లాడింది. గూడెం డప్పు పెద్ద గురవయ్యే ఆమె తాత. "ఉన్నదాన్ని ఆడదాం. లేనిదాన్ని యాడ తెస్తావు," అని ఆయన డప్పు సంచిలో పెట్టుకున్నాడు.

ఇక కల్లం గట్టు మీదికి వద్దాం.

"అటు చూడు," అన్నాడు పేరయ్య, పడమటి దిక్కు చెయ్యి చాపి.

ఈదమ్మ చూసింది. మాచర్ల వైపు ఆకాశం మసిపట్టిన కుండ అడుగులా ఉంది. గాలి స్తంభించింది. పొద్దుటినుంచి పత్తికట్టె మోపుల మీద వాలి అరుస్తున్న కాకులు ఎప్పుడు లేచిపోయాయో లేచిపోయాయి.

"రెండేళ్లు కాయ కుళ్లి పోయింది నాకు. ఈ ఏడు దేవుడిచ్చాడు అనుకున్నా. ఆ మబ్బు ఇటొచ్చిందంటే కల్లంలో కాయంతా తెల్లబారి తాలయిపోద్ది. ఇప్పుడు మనుషుల్ని వదలమంటున్నావు. మీరు గుంటూరులో గంతులేస్తా ఉంటే నేనిక్కడ నెత్తిన చెయ్యి పెట్టుకుని కూచోవాలా?"

"గంతులు కాదయ్యా. ఆట."

"ఏదైతే ఏందమ్మాయ్. కాయ తడిస్తే అయిపాయె."

పేరయ్య చెడ్డవాడు కాదు. గొంతు పెద్దది, అంతే. భయం ఎక్కువైనకొద్దీ ఆ గొంతు ఇంకా పెద్దదవుతుంది. ఈ నెలరోజుల్లో ఈదమ్మకు ఆ సంగతి తెలిసింది. ఆమె కల్లం వైపు తిరిగి చూసింది. చదును చేసిన నేల మీద ఒక మడిచెక్కంత మేర ఎర్రగా పరుచుకుని ఉంది కాయ. ఈ అంచున జాలుగూడెం వాళ్లు నిలబడి ఉన్నారు. ఆ చివర ఊరి పాలెం ఆడవాళ్లు కూచుని తాలుకాయ ఏరుతున్నారు. ఘాటుకు తట్టుకోలేక అందరూ ముక్కుల మీదుగా గుడ్డలు కట్టుకున్నారు, కళ్లు తప్ప ఏమీ కనపడవు.

"అయ్యా, వాన పడేలోగా కాయంతా రాశి పోసి బరకాలు కప్పేస్తాం," అంది. "ఒక్క కాయ తడవనివ్వం. కప్పామంటే నీ ట్రాక్టరు మీద మమ్మల్ని గుంటూరు దింపు."

"కప్పలేకపోతే?"

"కాయ మళ్లా ఆరిందాకా ఒక్కరం కదలం. ఆట సంగతి ఎత్తను."

వెనక నుంచి గూడెం ఆడవాళ్లలో ఎవరో "ఓసి నీ..." అని నాలుక కరుచుకున్నారు. పేరయ్య మబ్బు వంక చూశాడు, కాయ వంక చూశాడు, ఈ పిల్ల వంక చూశాడు. ఇంత కాయ ఇంత తొందరలో ఎవరూ చేర్చలేరని ఆయనకు తెలుసు. చేర్చాలని ఆయన గుండె కొట్టుకుంటోంది కూడా.

"సరే, కానీ," అన్నాడు. "ఒరేయ్ అంకమ్మరావూ, బరకాలు దింపరా."

ట్రాక్టరు డ్రైవరు అంకమ్మరావు బరకాల చుట్టలు కిందికి దొర్లించాడు. గురవయ్యకు పనిచేసే వయసు కాదు. చెమ్మకు డప్పు తోలు మెత్తబడుతుందని దాన్ని గుండెకు హత్తుకుని మోటారు కొట్టంలోకి వెళ్లి కూచున్నాడు. మిగిలినవాళ్లంతా కల్లంలోకి దిగారు.

మొదట అంతా గందరగోళం అయింది. ఒకళ్లు ఇటు తోస్తే ఒకళ్లు అటు తోశారు. పాలెం ఆడవాళ్ల చేతుల్లో చీపుళ్లు, గూడెం వాళ్ల చేతుల్లో చెక్క పలకలు. కాళ్లకు కాళ్లు అడ్డం. నలిగిన కాయల్లోంచి కారం లేచి కళ్లల్లో నీళ్లు. "మీద పడబాకమ్మాయ్, కళ్లు కనపడట్లా?" అని కోటిరత్నం అరిచింది. ఆమె పేరయ్యకు వరసకు చెల్లెలు, కల్లం పెత్తనం ఆమెది. పడమటినుంచి చల్లటి గాలి ఒక్క విసురు వచ్చి ఆగింది. దాంట్లో మట్టివాసన ఉంది. ఎక్కడో దగ్గర్లోనే కురుస్తోంది.

ఇట్టా అయితే పని కాదని ఈదమ్మకు అర్థమైంది. నలభై చేతులు ఒక చెయ్యిలా కదలాలి. తనవాళ్లను అలా కదిలించడానికి ఆమెకు తెలిసింది ఒకటే దారి. గూడెం ఆడవాళ్లను పడమటి అంచున వరసగా నిలబెట్టింది. పలకలు నేలకు ఆనించమంది. ముక్కు మీద గుడ్డ కిందికి లాగేసి, ఘాటుకు ఒకసారి దగ్గి, పాట ఎత్తింది.

"తాడు జారె తాడు జారె బావయ్యో,
తాడు కొసన ఏమి చూస్తివి?"

పదానికొక తోపు. "జారె" అన్నచోట పలకలన్నీ ఒక్కసారి ముందుకు జరిగాయి. కాయ అలలా లేచింది. గూడెం ఆడవాళ్లకు చెప్పాల్సిన పని లేకపోయింది, పుట్టినప్పటినుంచి ఎరిగిన పాట. వరస వరసంతా ఒక్క అడుగై కదిలింది. తూర్పు చివర పాలెం ఆడవాళ్లు చూసి, వాళ్లూ లేచి వరస కట్టారు. పాట తెలియకపోయినా పట్టు తెలిసింది. ఇటునుంచి ఒక వరస, అటునుంచి ఒక వరస, మధ్యలో ఎర్రగా పెరుగుతున్న రాశి.

"అద్దీ," అన్నాడు పేరయ్య తనకు తెలియకుండానే, బరకం అంచు పట్టుకుని.

ఈదమ్మ మళ్లీ అడిగింది. పాట నియమం అది, మూడుసార్లు అడగాలి. మూడోసారికి బదులు రాకపోతే ఊరుకోవాలి. జాలుగూడెంలో ప్రతి పండగకూ మూడోసారి అడిగాక ఒక ఖాళీ వస్తుంది. డప్పు ఒకటే మోగుతుంది, అందరూ తల వంచుకుని ఆ ఖాళీని దాటుతారు. ఇవాళ పనిలో పడి ఆ సంగతే మరిచిపోయింది ఈదమ్మ. మూడోసారి గొంతెత్తి అడిగేసింది.

"తాడు కొసన ఏమి చూస్తివి?"

ఖాళీ వచ్చింది. పలకలు ఆగబోయాయి.

ఎదుటి వరసలోంచి ఒక గొంతు లేచింది.

"పట్టు చూస్తిని పసుపు చూస్తిని మరదలో,
పట్టు వెనక పొద్దు చూస్తిని,
తాడు గుంజవే తల్లి కడుపు చల్లగా,
కాలు మోపే రాయి చూస్తిని."

ఘాటుకు బొంగురుపోయిన ముసలి గొంతు. అయినా ఎక్కడా తడబాటు లేదు. "కాలు మోపే" దగ్గర ఆ మనిషి ఎడమ మడమ మీద గిర్రున తిరిగి, వీపు ఇటు పెట్టి, చీపురును వెనక్కి లాగింది. కింది వరస కొండ ఎక్కడం మొదలుపెట్టే మలుపు అదేనని ఈదమ్మకు ఎవరూ చెప్పలేదు. చూడగానే తెలిసిపోయింది. తన కాలు తనంతట తానే అటు తిరిగింది.

అంతలో మోటారు కొట్టంలోంచి డప్పు పలికింది. గురవయ్య అక్కడినుంచి ఏమీ చూడలేడు. విన్నది పాటే. ముప్పై ఏళ్లుగా వాయించని దరువు అది, ఎగబాకేవాడి దరువు, రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. ఆ చెయ్యి మరిచిపోలేదు. డప్పు అందుకోగానే ఎదుటి గొంతు రెండో బదులు ఎత్తింది, మూడోది ఎత్తింది. ఈదమ్మ ఆ పదాలను వింటూనే నోట్లో పెట్టుకుంటోంది, వెనకవాళ్లకు అందిస్తోంది. పని చేస్తున్నారో ఆడుతున్నారో ఎవరికీ తెలియడం లేదు. కోటిరత్నం చీపురు కూడా దరువుకే పడుతోంది. సంతోషకుమారి అనే పాలెం పిల్ల నవ్వు ఆపుకోలేక, "ఎలీసమ్మత్తా, నీకీ పాట ఎట్టా వచ్చే?" అని అరిచింది. బదులు చెప్పిన మనిషి ఆ పిల్ల వంక చూడలేదు.

పెద్దపెద్ద చినుకులు బరకం మీద టపటపమని పడ్డాయి. "లాగండి, లాగండి," అని పేరయ్య గొంతు. నాలుగు వైపులా బరకాలు రాశి మీదికి ఎక్కాయి. అంచుల మీద రాళ్లు, రాళ్ల మీద పత్తికట్టె మోపులు. చివరి అంచును ఈదమ్మ, బదులు చెప్పిన ముసలామె చెరోవైపు పట్టుకుని నేలకు తొక్కారు. అది తొక్కడమూ వాన దబ్బున కురవడమూ ఒకటే అయింది. ఖాళీ అయిన కల్లం నేల మీద ఎర్రని నీళ్లు పారాయి. కాయ మాత్రం తడవలేదు.

పేరయ్య వానలోనే నిలబడి నవ్వాడు. నెలరోజుల్లో ఆయన నవ్వడం ఎవరూ చూడలేదు. "ఒరేయ్ అంకమ్మరావూ, తొట్టి మీద గుడ్డ కట్టు. జాలుగూడెం వాళ్లను గుంటూరు దాకా దించి రా. మధ్యలో యాడన్నా టీ తాగించు."

అందరూ కేకలేసుకుంటూ మోటారు కొట్టం చూరు కిందికి పరుగెత్తారు. ఈదమ్మ మాత్రం ముసలామె చెయ్యి వదల్లేదు. చూరు చివరకు లాక్కెళ్లింది.

"ఎవరు నువ్వు?"

"పాలెం మనిషినమ్మా. ఎలీసమ్మంటారు. మా ఇంటాయన ఏసోబు పోయినకాడ్నుంచి ఈ చేలల్లోనే చేస్తన్నా."

"పాలెం మనిషికి ఆ చరణాలు రావు. మా గూడెంలోనే రావు. ఎవరు నేర్పారు నీకు?"

ముసలామె ముక్కు మీద తడిసిన గుడ్డ విప్పి పిండింది. ఈదమ్మ ఆ ముఖాన్ని చూసింది. ఆ వెడల్పు దవడ, కొంచెం పైకి లేచిన కనుబొమలు. ప్రతిరోజూ చూసే ముఖం ఇది. తాత ముఖం.

"నోరు మూసుకుని ఉందామనే అనుకున్నా," అంది ఎలీసమ్మ. "మీరొచ్చిన దినం నుంచీ ఆ చివరే కూచున్నా. పండగ పాటలు పాడుకుంటంటే విని దుప్పటి కప్పుకున్నా. ఇయ్యాల నువ్వు మూడోసారి అడిగావు చూడు, ఇంక ఆగలా. అడిగినాక ఊరుకోవడం నాకు చాతకాలా." ఆమె ఈదమ్మ గడ్డం పట్టుకుని పైకెత్తింది. "నీ పేరేంది పిల్లా?"

"ఈదమ్మ."

ముసలామె ఆ పేరును మెల్లిగా తనూ పలికింది. "నా పేరు పెట్టాడా నీకు."

గూడెంలో ఆ కథ తెలియనివాళ్లు లేరు. తాతకు ఒక చెల్లెలు ఉండేది, ఈదమ్మ. ఆమె గొంతు ఎత్తితే లోయ అవతలివాళ్లు బదులు చెప్పేవాళ్లట. కొండచరియ కింద ఊరే జాలు దగ్గర నీళ్లకు పోయి పులి నోట పడింది. ఎముక కూడా దొరకలేదు. తాత పెద్దదినం చేసి, ఆమె పేరు మనవరాలికి పెట్టుకున్నాడు. ఆ చెల్లెలు ఇక్కడ, సత్తెనపల్లి పక్కన, మిరపకారం అంటిన చేతులతో తన గడ్డం పట్టుకుని నిలబడి ఉంది.

"అవ్వా," అంది. ఆనందంతో ముసలామె చెయ్యిని రెండు చేతులా పట్టుకుంది. "అవ్వా, ఇంకా ఉన్నయ్యా చరణాలు?"

"ఉన్నయ్యే. పైకెక్కి తేనె పంచుకునేదాకా ఉన్నయ్యి."

"రేపు పాడతావా? గుంటూరు వస్తావా మాతో?"

ఎలీసమ్మ వానలోకి చూసింది. పాలెం చర్చిలో పాతికేళ్లుగా ఆమె పాడుతూనే ఉంది. గొంతు అందుకే బతికి ఉంది. "రేపు ఆదివారం. ఫాదరుగారికి చెప్పాలి," అంది. తర్వాత తనే నవ్వింది. "చెప్తే ఆయనే ట్రాక్టరెక్కేటట్టున్నాడు. వస్తాలే పిల్లా. తెలిసింది చెప్పకుండా చస్తే నాకు మట్టి కూడా పట్టదు."

ఈదమ్మ చూరు కింద గుంపు వైపు తిరిగి, "వస్తదంట," అని ఒక్క కేక పెట్టింది. ఎవరొస్తారో, ఎందుకొస్తారో సగం మందికి అర్థం కాలేదు. అయినా ఆ గొంతులోని సంతోషానికి అందరూ కలిసి అరిచారు.

కొట్టం తలుపు కిర్రుమంది. గురవయ్య బయటికి వచ్చాడు. డప్పు మెడలోనే ఉంది. ముఖం మీద ఇంకా ఆ దరువు వెలుగు ఉంది. "ఎవరే పాడింది? ఆ బదులు ఎవరు చెప్పారే?" అంటూ మనవరాలి పక్కన నిలబడిన మనిషిని చూశాడు.

అన్నాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ముప్పై ఏళ్లలో ఇద్దరి జుట్టూ నెరిసింది. ఇద్దరి ముఖమూ ఒకటే. గురవయ్య ముఖంలోంచి వెలుగు కారిపోయింది. ఆయన చెల్లెలి దగ్గరకు రాలేదు. డప్పు మెడలోంచి తీసి సంచిలో పెట్టి, సంచి మూతి బిగించాడు.

"తాతా, చూడు, అవ్వ బతికే ఉంది," అంది ఈదమ్మ. "చరణాలన్నీ ఉన్నయ్యంట. రేపు ఆట నిండుగా ఆడొచ్చు."

"ఆమె వస్తే డప్పు రాదు."

"తాతా."

"ఏది కావాలో తేల్చుకో. డప్పు కావాలంటే ఆమెను ఇక్కడ వదిలెయ్. ఆమె కావాలంటే డప్పు గూడెం పోద్ది." గూడెంలో ఆ దరువు తెలిసింది ఆయన ఒక్కడికే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. సంచి భుజాన వేసుకుని వానలోకి దిగాడు. కాలవగట్టు మీదుగా పడమటి వైపు, కొండల వైపు నడవడం మొదలుపెట్టాడు.

ఇన్నేళ్లూ డప్పు ఉండి బదులు లేదు. ఇప్పుడు బదులు దొరికి డప్పు పోతోంది. ఈదమ్మకు కోపంతో కళ్లు మండాయి. తొట్టి మీద గుడ్డ కట్టడం అయిపోయింది, అంకమ్మరావు ఇంజను ఆన్ చేశాడు. "ఎక్కండెక్కండి, వాన పెద్దదయితే రోడ్డు తెగుద్ది," అంటున్నాడు.

ఎలీసమ్మ చూరు దాటి వానలోకి వచ్చింది. గొంతు పెంచలేదు. అవసరం లేకపోయింది, లోయ దాటిన గొంతు అది.

"అన్నా. పులి తిన్నదని గూడేనికి చెప్పుకున్నావంట, ఈ కల్లంలో మీవాళ్ల నోటే విన్నా, చెప్పుకో. నాకు పెద్దదినం చేశావంట, చేసుకో. నేనేం అనను. ఆ పొద్దు జాలు దగ్గర నేను తాడు మీద ఉండగా పైన తాడు ఎవరి చేతిలో ఉందో, ఎందుకు వదిలారో, అదొక్కటీ ఈ పిల్లకి చెప్పి పో."

గురవయ్య ఆగాడు. వెనక్కి తిరగలేదు.

తొట్టి ఎక్కబోతున్నవాళ్లు కాళ్లు దించేశారు. ఈదమ్మ బురదలోకి దిగి, కాలవగట్టు మీదికి పరుగెత్తి, తాతకు ఎదురుగా నిలబడింది. వాన ఇద్దరి ముఖాల మీదా కొడుతోంది.

"తాతా," అంది, "ఏ తాడు?"